పూలగౌనులో బో

ఆ రోజుల్లో హాంకాంగ్ సినిమాల్లో కథ కోసం వెతుక్కోవాల్సిందే. ఇద్దరు చిల్లర దొంగలు, ఒక తిక్క ఇన్‌స్పెక్టరు, మధ్యలో ఒక అందగత్తె, ఇక మొదలు తన్నులాట. గొడుగులతో కొట్టుకునేవారు, చేపలతో కొట్టుకునేవారు, చివరికి ఉడుకుతున్న నూడిల్స్ గిన్నెతో కూడా. జనం పొట్ట పట్టుకుని నవ్వుతూనే "అమ్మో" అని మొహం పక్కకు తిప్పుకునేవారు. చదువుకున్నవాళ్ళు అదంతా చెత్త అంటూనే మళ్ళీ టిక్కెట్టు కొనేవారు.

లైక్యూన్ మొగుడు బో ఆ దెబ్బలు తినే మనిషి. పొట్టిగా, రివటలా ఉండేవాడు కాబట్టి హీరోయిన్‌కు బదులు దూకడానికి అతన్నే పిలిచేవారు. విగ్గు పెట్టి, పూలగౌను తొడిగి, మేడ మీంచి తోసేవారు. మొహం మాత్రం కనపడనిచ్చేవారు కాదు. జీవితమంతా తెర మీదే గడిపినా వీధిలో గుర్తుపట్టిన నాథుడు లేడు. లైక్యూన్ అతని సినిమాలు ఒక్కటీ చూడలేదు. "ఒళ్ళు హూనమై వస్తే నూనె రాసేది నేనే. మళ్ళీ టిక్కెట్టు కొని మరీ చూడాలా?" అనేది.

అతను పోయి ఏడాది కావస్తుండగా, పేటలోని వృద్ధుల కేంద్రంలో ఆదివారం మధ్యాహ్నం ఒక పాత సినిమా వేస్తున్నారని పక్క ఫ్లాటు మూయ్ కబురు మోసుకొచ్చింది.

"వదినా, అన్నయ్య సినిమా! గౌనేసుకుని కూరగాయల బండి మీద పడతాడు చూడు, అదే. నువ్వు రాకపోయావో, నీతో మాట్లాడనంతే!"

"నువ్వు మాట్లాడకపోతే నా చెవులు కాస్త చల్లబడతాయి," అంది లైక్యూన్. అన్నదే గానీ, ఆదివారం అందరికంటే ముందు తయారై కూర్చుంది.

ఆమె సరదాకి బయల్దేరలేదు. ఒక సంగతి తేల్చుకోవాలని బయల్దేరింది. అది మూయ్‌కే కాదు, ఈ లోకంలో ఎవరికీ చెప్పుకోలేనిది.

బోకి ఇంట్లో కూడా పడటం అలవాటు. ఆమె అలిగి మూతి ముడిచిందంటే చాలు, బత్తాయి తొక్క మీద కాలు జారినట్టు ధబ్బున పడేవాడు. కుర్చీలోంచి జారి, బల్ల కింద దూరి, నాలుక వేలాడేసి చచ్చిపోయేవాడు. ఆమె తలెత్తకుండానే డైరెక్టరులా "బాగాలేదు, ఇంకో టేకు!" అని అరిచేది. అతను లేచి మళ్ళీ పడేవాడు. ఆమెకు నవ్వు వచ్చేదాకా ఆ టేకులు సాగుతూనే ఉండేవి. పిల్లాజెల్లా లేని ఆ ఇరుకు ఇంట్లో వాళ్ళ కాపురమంతా అలాగే నడిచింది.

కిందటి చలికాలం అతను వంటింట్లో అన్నం వండుతుంటే, ఆమె ముందుగదిలో టీవీ సీరియల్ చూస్తోంది. ధబ్బుమని చప్పుడైంది. "బాగాలేదు, ఇంకో టేకు!" అంది. జవాబు లేదు. "చచ్చిన వేషం ఇక చాలు, లే!" అని నవ్వింది కూడా. సీరియల్ మంచి పట్టులో ఉంది. అన్నం మాడిన వాసన వచ్చాకే లేచి వెళ్ళింది. తలలో నరం చిట్లిందన్నారు ఆసుపత్రిలో. ఎప్పుడు పడ్డాడని డాక్టరు అడిగితే "ఇప్పుడే" అంది. అప్పట్నుంచీ ఎవరడిగినా "ఇప్పుడే" అనే చెప్పుకొచ్చింది.

కావాలని పడటానికీ, నిజంగా పడిపోవడానికీ తేడా ఎవరికీ తెలియదని తేలితే ఆమెకు చాలు. వెళ్ళి చూసినా తెలిసేది కాదులే అని మనసుకు చెప్పుకుని ఇక కంటినిండా నిద్రపోవచ్చు.

హాలు ముసలివాళ్ళతో నిండిపోయింది. కొందరు పుచ్చగింజలు కొరుకుతున్నారు, కొందరు అప్పుడే కునుకు తీస్తున్నారు. సినిమా మొదలైంది. హీరోయిన్ కిటికీ దగ్గరికి పరిగెత్తింది. దూకింది మాత్రం బో. ఆ సన్నటి పిక్కలు లైక్యూన్‌కు తెలియనివా! మేడకు కట్టిన వెదురు పరంజా మీంచి జారి, బట్టలారేసిన తీగలు తెంపుకుని, క్యాబేజీల బండి మీద వెల్లకిలా పడ్డాడు. గౌను మొహం మీదికి వచ్చేసింది. హాలు గొల్లుమంది.

ఆమె కళ్ళు చికిలించి చూసింది. ఎంత చూసినా అది నిజంగా పడ్డట్టే ఉంది. మెట్ల మీంచి దొర్లాడు, అదీ నిజంలాగే ఉంది. ట్రామ్ ముందు బోర్లాపడితే వెనక వరసలో ఒక ముసలమ్మ కెవ్వుమంది. లైక్యూన్ గుండెల మీది బరువు కాస్త కాస్తగా దిగసాగింది. దగ్గరుండి చూసినా ఎవరు పోల్చుకోగలరు? అతను తన పనిలో అంత గట్టివాడు మరి. ఏడాదిలో మొదటిసారి ఆమె నవ్వింది.

"హమ్మయ్య, నవ్వావు!" అని మూయ్ ఆమె తొడ మీద చరిచింది.

సినిమా అయిపోయి పేర్లు పడుతుండగా, పక్కన చెడిపోయిన షాట్లు వేయడం ఆ సినిమాల ఆనవాయితీ. జనం అసలు కథ కంటే వాటికోసమే కూర్చునేవారు. మాటలు మరిచిపోయిన దొంగ, మీసం ఊడిన ఇన్‌స్పెక్టరు వచ్చి వెళ్ళారు. మళ్ళీ వెదురు పరంజా, మళ్ళీ పూలగౌను. బో జారాడు, తీగలు తెంపుకున్నాడు, బండి మీద పడ్డాడు. అవే క్యాబేజీలు, అదే పడటం. హాలు మళ్ళీ గొల్లుమంది.

లైక్యూన్ కుర్చీలోంచి లేచి నిలబడింది. ఇంట్లో బో కావాలని పడేటప్పుడల్లా చేతులు ముందుగా నేలను చరుస్తాయి, గడ్డం గుండెలకు ఆనుతుంది. ఇప్పుడు ఆ చేతులు కదల్లేదు. తల ఒక పక్కకు వాలిపోయింది.

"కూర్చో వదినా, వెనకవాళ్ళకి అడ్డం!" అంది మూయ్ నవ్వుతూనే.

"లేవట్లేదు. తగిలింది అతనికి."

"ఊరుకో, అన్నీ వేషాలేగా…"

అంతలో తెర మీదికి నలుగురు మనుషులు పరిగెత్తుకొచ్చారు. ఒకడు విగ్గు తీసి బో తల ఒడిలోకి తీసుకున్నాడు. హాల్లో నవ్వు ముక్కలుముక్కలుగా ఆగిపోయింది. కాసేపటికి బో కళ్ళు తెరిచి కెమెరాకేసి చెయ్యి ఊపాడు. అందరూ ఊపిరి పీల్చుకుని చప్పట్లు కొట్టారు. లైట్లు వేశారు.

మూయ్ కళ్ళు తుడుచుకుంటూ ఆమె చెయ్యి పట్టుకుంది. "అయ్యో, నిజంగానే దెబ్బ తగిలింది పాపం! ఇంత మందిమి ఉన్నాం, ఒక్కరమూ పోల్చుకోలేదు. పడీపడగానే నీకెట్లా తెలిసింది వదినా?"

లైక్యూన్ ఖాళీ తెరకేసి చూస్తూ అలాగే నిలబడింది.

"చూస్తే తెలుస్తుంది," అంది.