మింగితేనే చేదు

"ఉమ్మెయ్యకు. మింగు. మింగితేనే చేదు తెలుస్తుంది."

ఆమె ఇస్త్రీపెట్టె నిలబెట్టి, భర్త అందించిన చిన్న సీసాలోంచి ఒక గుక్క నోట్లో పోసుకుంది. అతను ఆమె మొహం చూడడు. గొంతు చూస్తాడు. సంతలో ఎద్దు పళ్లు చూసే బేరగాడిలా, గుక్క దిగిందా లేదా అని చూస్తాడు. దిగింది.

"ఊఁ, చెప్పు."

"తేలిగ్గా ఉంది. ముందు నారింజ తొక్క గిల్లినట్టుంటుంది, వెనకాలే అప్పుడే కోసిన గడ్డి వాసన. చివర్లో చేదు వస్తుంది కానీ తిష్ట వేయదు. ఎండలో నడిచొచ్చినవాడు రెండో గ్లాసు అడుగుతాడు."

అతను పెదాలు కదుపుతూ ఆ మాటలు వల్లె వేసుకున్నాడు. మధ్యాహ్నం నలుగురి ముందూ అవే తన మాటలుగా చెబుతాడు. చొక్కా తొడుక్కుంటూ ఆమెను ఎగాదిగా చూశాడు.

"మొహం పీక్కుపోయిందేం? వేసవి ముందు ఏవీ పెట్టుకోకు. చెప్తున్నా."

అతను గడప దాటాక ఆమె స్నానాలగదిలోకి వెళ్లి, చప్పుడు అత్తగారికి వినబడకుండా కొళాయి తిప్పి, కడుపులో ఉన్నదంతా కక్కేసింది.

ఊరంతా అతన్ని మాస్టారంటారు. చిన్న బ్రూవరీలో బీరు కాచేది అతనే. బీరుకి చేదూ వాసనా ఇచ్చే హాప్స్ పూలు ఎప్పుడు వేయాలో, ఎన్ని వేయాలో అతని ముక్కు చెప్పాల్సిందేనని పేరు. ఆ ముక్కు మూడేళ్ల కిందట ఒక జ్వరంతో పోయింది. సంగతి ముందు కనిపెట్టింది ఆమే. పొయ్యి మీద పాలు మాడి ఇల్లంతా కమురు కొడుతుంటే అతను పక్కనే కూర్చుని పేపరు తిరగేస్తున్నాడు. "బయట పొక్కిందా, మన బతుకు బజారుపాలే" అన్నాడు ఆ రోజు. మర్నాటి నుంచి సంచిలో సీసా తేవడం మొదలుపెట్టాడు. అప్పటినుంచి ఆమె నోరు ఆమెది కాదు. కారం మానేసింది. కాఫీ మానేసింది. తలనూనె వాసన అడ్డమొస్తుందని, అక్క తెచ్చిచ్చిన సీసాను అతను మోరీలో ఒంపేశాడు. చప్పిడి కూడు ముందు ఒకసారి ఆమె చెయ్యి ఆగిపోతే, "వాడి పని కోసం ఆ మాత్రం తినలేవూ? నీ నోటికి అన్ని రుచులెందుకమ్మా" అంది అత్తగారు, తన కంచంలో కూర కలుపుకుంటూ.

పోయిన వేసవికి ముందు ఆమెకు రెండో నెల. ఏది నోట్లో పెట్టినా ఇనుము వాసనే. బీరూ ఇనుము వాసనే అంది. అతను నమ్మి ఒక పీపా మొత్తం పారబోయించాడు. బంగారంలాంటి సరుకని తర్వాత తెలిసింది, కారణమూ తెలిసింది. "ఇప్పుడు కాదు. నాకు నీ ముక్కు కావాలి. వేసవి పోయాక చూద్దాం" అన్నాడు. "పిల్లలు మళ్లీ పుడతారు, ఉద్యోగం మళ్లీ పుడుతుందా" అని అత్తగారు ఆసుపత్రికి తోడు వెళ్లింది. ఆసుపత్రి నుంచి వచ్చిన మూడోరోజు ఆమె ఇంకా మంచం మీదే ఉంది. అతను మంచం పట్టె మీద కూర్చుని సీసా మూత తీశాడు.

"ఇప్పుడు చూడు. ఇనుము వాసన పోయిందా?"

"పోయింది" అంది.

వేసవి పోయింది, చలికాలమూ పోయింది. అతను ఆ ఊసు ఎత్తలేదు. ఇప్పుడు మళ్లీ నెల తప్పింది. తెలిసి పన్నెండు రోజులు. ఈసారి ముక్కు తిరగబడలేదు, పదునెక్కింది. గోడ అవతల ఏ సబ్బు రుద్దుకుంటున్నారో చెప్పగలిగేలా ఉంది.

మధ్యాహ్నం బ్రూవరీ ముందుగదిలో కొత్త వేసవి బీరు రుచి చూసే పండగ. పక్క ఊళ్ల హోటళ్లవాళ్లూ వచ్చారు. ఏటా ఒక ఆట ఉంటుంది. ఓనరు తెర చాటున మూడు గ్లాసులు నింపుతాడు. రెండింటిలో కొత్త బీరు, ఒకదాంట్లో పాత పూలతో కాచింది. రంగు ఒకటే, నురగ ఒకటే. వేరైనదేదో చెప్పాలి. వచ్చినవాళ్లంతా తప్పు చెప్పాక, గ్లాసులు కడుగుతున్న ఆమెను నవ్వులాటకి పిలుస్తారు. అందరికన్నా చివర మాస్టారు. ఆమె రుచి చూసి "నాకు మూడూ ఒకలాగే ఉన్నాయండీ" అనాలి. అంటూనే అతనికి మాత్రమే తెలిసే సైగ చెయ్యాలి: చెవికమ్మ తాకితే మొదటిది, గొలుసు సవరిస్తే రెండోది, గాజు తిప్పితే మూడోది. గది ఘొల్లున నవ్వుతుంది, మాస్టారు సరిగ్గా చెబుతాడు, చప్పట్లు. రెండేళ్లుగా ఆమెకు అక్కడ మొద్దుముక్కని పేరు. పెట్టింది అతనే.

"మొద్దుముక్కుని పిలవండ్రా" అన్నాడు ఈ ఏడూ.

ఆమె చేతులు తుడుచుకుని వచ్చింది. రెండో గ్లాసు పెదవికి ఆనకముందే తెలిసిపోయింది. అందులో గడ్డి వాసన ఎండిపోయింది. అయినా మూడింట్లోంచీ ఒక్కో గుక్క తీసుకుంది. తీసుకున్న ప్రతి గుక్కా, గ్లాసులు తొలిపే బకెట్లో ఉమ్మేసింది.

నవ్వులు సగంలో ఆగాయి.

"అదేంటి చెల్లెమ్మా, మింగలేదే?" అన్నాడు ఓనరు.

"ఈమధ్య చేదు కడుపులో నిలవట్లేదన్నయ్యా."

భర్త చూపు ఆమె గొంతు దగ్గర్నుంచి మెల్లగా కిందికి దిగింది. అక్కడ ఆగింది. అర్థమైనట్టు దవడ బిగిసింది. ఆ బిగువు ఆమెకు పోయిన వేసవి నుంచీ గుర్తే.

"కానివ్వండి మాస్టారూ, మీ వంతు."

అతను కళ్లు మూసుకుని మూడూ వాసన చూశాడు, మూడూ తాగాడు, కళ్లు తెరిచి ఆమె వైపు చూశాడు. ఆమె చేతులు రెండూ ఒకదాని మీద ఒకటి, పొత్తికడుపు మీద ఉన్నాయి. చెవి దాకా లేవలేదు. మెడ దాకా లేవలేదు. గాజు కదల్లేదు. అతను మొదటి గ్లాసు మళ్లీ ఎత్తాడు. ఎవరో దగ్గారు. గ్లాసుల్లో నురగ చప్పబడిపోయింది.

"మొదటిదా?" అన్నాడు. చెప్పినట్టు లేదు, అడిగినట్టుంది. ఓనరు మొహంలో ఏ కదలికా లేదు.

"పోనీ... మూడోదా?"

మాస్టారు హాస్యమాడుతున్నాడనుకుని వెనక ఒకతను నవ్వి, తోడు నవ్వేవాళ్లు లేక మానేశాడు. హోటలువాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. మూడేళ్లలో మొదటిసారి అతను నలుగురూ చూస్తుండగా ఆమె వైపు పూర్తిగా తిరిగాడు. నుదుటి చెమట కంట్లోకి దిగుతోంది.

"నువ్వు చెప్పు. ఏదే? చెప్పవే."

ఆమె చేతులు తియ్యలేదు.

"నాకేం తెలుసండీ" అంది. "నాకు మూడూ ఒకలాగే ఉన్నాయి."