ఎర్ర మందు

స్ట్రెచర్ మీద మొగుడు వణుకుతూ కలవరిస్తుంటే భార్య చూపు మాత్రం అతని కాళ్ళ దగ్గరే ఆగింది. అక్కడ పశువుల డాక్టరమ్మ దుప్పటి సర్దుతోంది.

"ఆ చెయ్యి తియ్యి!"

"వదినా, ఇప్పుడా గొడవ..."

"వదినా అంటే వరసలు కలిసిపోవు. నువ్విచ్చిన నకిలీ మందులే కదూ ఆయన్నిలా పడేసింది?"

"ఇద్దరూ ఆగండి," కసిరాడు డాక్టరు. "మేక ఈనేటప్పుడు చేతికి తొడుగుల్లేకుండా పిల్లని బయటికి లాగి అంటించుకున్న జ్వరం ఇది. ఒక్క మందుకి లొంగదు. రాసిచ్చిన రెండు మందులూ కలిపి వాడితేనే చస్తుంది క్రిమి. తగ్గినట్టే తగ్గి మళ్ళీ ఎందుకు తిరగబెట్టింది?"

పసుపు మాత్ర ఇంట్లో అన్నం తిన్నాక భార్య ఇచ్చేది. ఎర్ర క్యాప్సూల్ పరగడుపున వేసుకోవాలి. అతను పొద్దున్నే పశువుల ఆస్పత్రికి పరిగెత్తే కాంపౌండరు కనక అది డాక్టరమ్మ చేతి మీదుగా అందేది. నా మాత్రకి మొహం చిట్లించే మనిషి, దాని మాత్రకి నవ్వుతూ నోరు తెరుస్తాడేమో! ఆ ఊహతోనే భార్యకి రోజూ తెల్లారేది.

డాక్టరు గొంతు తగ్గించాడు. "మందు నకిలీదైతే ఒక వైద్యం. మందుకి క్రిమి మొండికేస్తే ఇంకోటి. మధ్యలో మానేసుంటే మళ్ళీ అవే మందులు, తోడు ఇంజెక్షన్లు. తప్పు దారి పట్టామా, గుండె కవాటం పోతుంది."

"నకిలీదే! ముమ్మాటికీ!"

డాక్టరమ్మ మొహం పాలిపోయింది. "మంచి షాపులోనే కొన్నానండీ."

"దానికో గుర్తుంది," అన్నాడు డాక్టరు. "అసలు మందైతే మూత్రం, చెమట ఎర్రగా వస్తాయి. బట్టలకీ మరకలవుతాయి. ఎప్పుడైనా చూశారా?"

భార్య చూపు మొగుడి మెడ మీదికి పోయింది.

చూసింది. తెల్ల చొక్కా కాలరు మీద. దాన్ని మొగుడి మొహాన కొట్టి, "ఎవత్తి పెదాల రంగిది?" అని నిలదీసింది. మందు వల్లే అంటే, "మందు మింగుతారా, మెడకి పూసుకుంటారా?" అని ఇల్లు ఎగరగొట్టింది. చివరికి అతని చెయ్యి తన నెత్తిన పెట్టుకుని, ఆవిడ చేతి మందు ముట్టనని ఒట్టేయించుకుంది. అప్పట్నించీ అతను ఆవిడిచ్చిన క్యాప్సూల్ తీసుకుని, చాటుగా పారేసేవాడు. జ్వరం తగ్గిందిగా, ఇక నా మాత్ర చాలు, బతికించుకున్న పేరూ నాకే దక్కుతుంది అనుకుంది.

ఇప్పుడు నోరు మూసుకుంటే చాలు. నింద డాక్టరమ్మకి చుట్టుకుంటుంది, పీడ వదులుతుంది.

స్ట్రెచర్ మీద మనిషి మూలిగాడు. డాక్టరమ్మ గబుక్కున వంగి అతని తల కింద దిండు సరిచేసింది. అది చూసి భార్యకి అప్పుడు కూడా ఒళ్ళు మండింది.

"మరకలు పడ్డాయి డాక్టరుగారూ," అంది. "మందు అసలుదే."

"అయితే మానేశాడన్నమాట. ఎవరు మాన్పించారు?"

ఆమె డాక్టరు వైపు చూడలేదు. చూస్తేనే గిట్టని ఆ ఆడమనిషి కళ్ళలోకి సూటిగా చూసింది.

"నేనే. ఎర్ర మందు మాన్పించింది నేనే."