విమానమెక్కిన బొమ్మలపెట్టె

నేను ఒక రేకుపెట్టెను. విమానమెక్కి, దారి తప్పి, ఊరుగాని ఊళ్ళు తిరిగి, చివరికి కోర్టుకెక్కినదాన్ని. మీ ఇంట్లో అటక మీద దుమ్ము కొట్టుకుపోతున్న మా జాతివాళ్ళెవరైనా ఉంటే ఈ మాట చెప్పకండి, నమ్మరు.

ధర్మవరం బజారులో ఖాసిం సాయిబు నన్ను చేశాడు. నీలం రంగు వేసి, గొళ్ళెం బిగించి, పెళ్ళికూతురి చీరలకి ఇంతకన్నా మంచి పెట్టె దొరకదని అమ్మాడు. ఆ పెళ్ళికూతురు దేవలమ్మ. ఆమె అత్తారింట అడుగుపెట్టిన వారానికే మామగారు సిందే రామోజీ కన్ను నా మీద పడింది. ఆయన తోలుబొమ్మలాట ఆడించే మనిషి. బొమ్మలు దాచుకున్న వెదురుబుట్టను ఎలుకలు కొరికేస్తున్నాయి.

"చీరలు దండెం మీదన్నా బతుకుతాయి తల్లీ, బొమ్మలు బతకవు" అన్నాడు.

కొత్త కోడలు ఏమంటుంది? చీరలు దండెమెక్కాయి, రామాయణమంతా నాలోకి దిగింది. కొన్నాళ్ళు ఆమె నాతో మాటామంతీ లేకుండా గడిపింది. తరవాత ఆ బొమ్మలు ఆడించడం ఇంట్లో అందరికంటే ఆమెకే బాగా పట్టుబడింది, కోపం ఎటుపోయిందో పోయింది.

మేకతోలును పలచగా గీకి, రంగులద్ది, దీపం ముందు పెడితే వెలిగే బొమ్మలవి. కాళ్ళూ చేతులూ కీళ్ళ దగ్గర తిప్పి సర్దుకోవచ్చు. మెడా నడుమూ మాత్రం వంచకూడదు. అందరికంటే అడుగున హనుమంతుడు పడుకునేవాడు. రామోజీ పోయేముందు చేసిన ఆఖరి బొమ్మ. చెయ్యి వణికి ఒక కన్ను రెండోదానికంటే పెద్దదైంది. మామ ఇందులోనే ఉన్నాడని దేవలమ్మ అనేది. ఊరూరా పిల్లలు పది తలల రావణుణ్ణి చూసి నవ్వేవాళ్ళు గానీ ఆ పెద్దకన్ను తెరమీదికి రాగానే అమ్మ ఒళ్ళోకి దూరేవాళ్ళు.

ఎక్కడో చలిదేశంలో బొమ్మలాటల పండుగ జరుగుతోందని దేవలమ్మకూ ఆమె మొగుడు వెంకోబరావుకూ పిలుపొచ్చింది. ఆటకు బయల్దేరే ముందు పెట్టెకు పసుపు రాసి బొట్టు పెట్టడం వీళ్ళ ఆనవాయితీ. ఆ ముచ్చట ఇంటి దగ్గరే జరిగింది. బెంగుళూరు విమానాశ్రయంలో కౌంటరు అమ్మాయి నా పిడికి నల్లగీతల కాగితం పట్టీ ఒకటి చుట్టింది. ఆ గీతలను చూసే యంత్రాలు ఏ సామాను ఎటు పోవాలో తేల్చుకుంటాయి. పాపం, దేవలమ్మకేం తెలుసు? పెట్టెకు కొత్తగా ఏది కట్టినా దానికీ బొట్టు పడాలి కదా! సంచిలోంచి కుంకుమభరిణె తీసి, తడివేలితో సరిగ్గా ఆ గీతల మీదే ఇంత బొట్టు దిద్ది దణ్ణం పెట్టుకుంది. కౌంటరు అమ్మాయి చూసి ముద్దుగా నవ్వి నన్ను లోపలికి తోసేసింది. ఆ నవ్వేదో నవ్వి, పట్టీ కూడా మార్చి ఉంటే నాకు ఈ కథ చెప్పుకునే ఖర్మ పట్టేది కాదు.

మొదటి విమానం ఆలస్యమైంది. మధ్యలో దిగిన ఊళ్ళో రెండో విమానం వీళ్ళను వదిలేసి వెళ్ళిపోయింది. అలాంటప్పుడు తిండీ పడకా చూసుకోవాల్సింది విమానంవాళ్ళే. కానీ ఆ సంగతి అడిగినవాళ్ళకే చెబుతారు, తెలిసినవాళ్ళే అడుగుతారు. మొగుడూ పెళ్ళాలు వెంట తెచ్చుకున్న జొన్నరొట్టెలూ చట్నీపొడీ తిని కుర్చీల్లో ముడుచుకుని పడుకున్నారు. ఇది నేను చూసింది కాదు, తరవాత దేవలమ్మ పదిమందికి చెప్పుకుంటుంటే విన్నది.

నా సంగతి అంటారా? కుంకుమ చాటున గీతలు యంత్రానికి కనబడలేదు. ఎవరో కళ్ళు చికిలించి చూసి, తోచిన బండిలోకి నన్ను ఎక్కించారు. నేను ఎవరూ పిలవని ఊరికి పోయి, దిక్కులేని సామాను దాచే గోదాములో పడ్డాను. సొంతదారు ఎవరో తేల్చడానికి అక్కడివాళ్ళు నా మూత తీశారు. రావణుణ్ణి చూసి ఒకాయన ఎగిరి వెనక్కి దూకాడు. బొమ్మలన్నీ నేల మీద పరిచి ఫోటోలు తీసుకున్నారు, మురిసిపోయారు. తిరిగి సర్దబోతే మూత పడలేదు. ఎలా సర్దాలో తెలియదు, ఆగి ఆలోచించే తీరికా లేదు. మిగిలిపోయిన హనుమంతుణ్ణి దుప్పటిలా సగానికి మడిచి, పైన పడేసి, మూత మీద మోకాలు పెట్టి నొక్కారు. మెడ పుటుక్కుమంది. ఆ చప్పుడు నాకొక్కదానికే వినబడింది. నోరుంటే ఆ పూట గోదాము దద్దరిల్లేలా అరిచేదాన్ని.

అవతల చలిదేశంలో సామాను బెల్టు ఖాళీగా తిరుగుతుంటే దేవలమ్మ దాని పక్కనే నిలబడిపోయిందట. బయటికి పోదామని వెంకోబరావు తొందరపెట్టాడు. అదే విమానంలో వచ్చిన కేరళ నర్సు ఒకామె వాళ్ళను ఆపింది. పెట్టె రాలేదని ఇక్కడే రాసిచ్చాక కదలండి, రేపు పెట్టె వస్తే తెరిచి చూడకుండా సంతకం పెట్టకండి అని రెండు చేతులతో సైగలు చేసి మరీ చెప్పింది, దగ్గరుండి రాయించింది. పండుగలో దేవలమ్మ తెల్లతెర కట్టి, వెనక దీపం పెట్టి, బొమ్మలు లేకుండానే పాట పాడింది. అదేదో కొత్త పద్ధతి అనుకుని అక్కడివాళ్ళు లేచి నిలబడి చప్పట్లు కొట్టారట. ఆ చప్పట్లు వింటూ తెర వెనక ఏడ్చానని ఆమె ఇప్పటికీ చెబుతుంది.

వాళ్ళు ఇల్లు చేరిన చాలా రోజులకు నన్ను వ్యానులో తెచ్చి గుమ్మం ముందు దించారు.

"సామాను బాగుండాదని సంతకం పెట్టమ్మా, నాకు ఇంకా శానా ఇండ్లు తిరగాల" అన్నాడు వ్యాను మనిషి.

"పెట్టేయ్ దేవలా, వచ్చిందే పదివేలు" అన్నాడు వెంకోబరావు.

"ఉండు. చూడకుండా ఎట్ల పెడ్తాను?"

మూత తీసింది. హనుమంతుణ్ణి రెండు చేతులా ఎత్తితే తల ఒక పక్కకు వాలిపోయింది. మడత పడిన గీత వెంట వేలు పోనిచ్చింది.

"ఎవురు మడిచినారు?" అని అడిగింది.

వ్యాను మనిషికేం తెలుసు? బొమ్మ విరిగిందని ఆ కాగితం మీదే రాయించి పంపింది. విమానంవాళ్ళకు ఫిర్యాదు పెడితే, ప్రయాణికురాలి అజాగ్రత్త వల్లే ఇదంతా జరిగిందని జవాబొచ్చింది. దేవలమ్మ కేసు వేసింది అప్పుడే.

అసలు చిక్కు ఇక్కడే వచ్చింది. అతకడానికి వీల్లేకుండా విరిగిన బొమ్మను వీళ్ళు పారేయరు. మనిషి పోయినట్టే లెక్క. నీళ్ళు పోసి, దీపం పెట్టి, ఏట్లో వదులుతారు. అందాకా ఇంటికి మైల, మిగతా బొమ్మలు తెర ఎక్కకూడదు. దేవలమ్మ అందుకు సిద్ధమవుతుంటే ఆమె తరఫు వకీలే అడ్డుపడ్డాడు. ఏట్లో వదిలేస్తే విరిగిందని కోర్టుకు దేన్ని చూపిస్తామమ్మా అన్నాడు. అంతే, హనుమంతుడు సాక్ష్యమైపోయాడు. ఆయనతో పాటు నేనూ వినియోగదారుల కోర్టులో ఒక మూలకు చేరాను. మిగతా రామాయణం ఇంటి దగ్గర గుడ్డమూటలో ఉంది. ఆట లేదు, ఆటకు పిలిచినవాళ్ళకు చెప్పుకునే మొహమూ లేదు.

"పట్టీ మీద బొట్టు పెట్టింది మీరేనా?" అని అడిగాడు విమానంవాళ్ళ లాయరు.

"నేనే సామీ."

"మరి తప్పు మీదే కదా?"

"దారి తప్పిందానికి నా బొట్టే కారణమంటే ఒప్పుకుంటా. బొట్టు పెట్టింది నేనే. మడిచింది నేను గాదు గదా!"

లాయరు కాగితాలు తిరగేసుకున్నాడు. తరవాత బయట వరండాలో మెత్తగా మాట్లాడాడు. కొత్త బొమ్మకయ్యేది ఇప్పిస్తాం, మా తప్పేమీ లేదని సంతకం పెట్టండి అన్నాడు.

"మీ దుడ్డు మీరే పెట్టుకోండి సామీ. మేమే మడిచినామని ఒక్క మాట రాయండి, చాలు."

ఆ ఒక్క మాటా రాయడానికి ఎవరికీ చెయ్యి రాలేదు. నిన్న మళ్ళీ వాయిదా పడింది. తోలు ముందే పాతబడి విరిగిందా, మడిస్తే విరిగిందా అన్నది నిపుణులు తేల్చాలట. వేసవి దాటాక చూద్దామన్నారు. దేవలమ్మ ముందుకొచ్చి చేతులు జోడించింది.

"సామీ, ఈ యేడు చిత్రావతి ఏట్లో నీళ్ళొచ్చినాయి. ఎండాకాలం దాటితే యాడుంటాయి? కేసు ఎన్నాళ్ళన్నా నడపండి. ఆయప్పను మాత్రం ఇచ్చేయండి, నీళ్ళుండంగానే వదుల్తాము."

జడ్జిగారు కళ్ళజోడు తీసి లాయరు వైపు చూశారు. సాక్ష్యం కదిలిస్తే మాకు అభ్యంతరం అన్నాడు లాయరు. జడ్జిగారి కలం కాసేపు గాల్లో ఆగి, వాయిదా తేదీ ఒక్కటే రాసింది. తరవాతి కేసు పిలిచారు.

దేవలమ్మ నా దగ్గర కూర్చుని మూత తీసింది. వాలిపోయిన తలను అరచేత్తో సరిచేసి, ఆ పెద్దకన్ను మీది దుమ్ము కొంగుతో తుడిచింది.

"ఇంగ కొన్నాళ్ళు ఓర్చుకో మామా" అంది.

ఆమె వెళ్ళాక గదికి తాళం వేశారు. అక్కడ ఏట్లో నీళ్ళు తగ్గుతున్నాయి.