చెవి చిరిగిన దొంగ

హసింతా మొక్కజొన్న పిండిముద్దను రెల్లుపుల్లల బుట్టలోకి తోసి, పావడా ఎగదోపుకుని వాగులోకి దిగింది. రొయ్యల బుట్ట తోక, అంటే సన్నటి కొస, ఎప్పుడూ నీళ్లపైకి ఉండాలి. మొగుడు అబుందియో బతికుండగా నేర్పిన పద్ధతి అది. రొయ్యలకు ఆశపడి దూరిన నీటి ఎలుక బయటికి రాలేకపోయినా, ఆ తోకలోకి పాకి తెల్లవార్లూ ఊపిరి పీల్చుకుంటుంది.

ఒకప్పుడు ఈ వాగు నిండా అవే. ఇప్పుడు కనిపించేది ఒక్కటే, చెవి చిరిగిన ముసలిది. పొద్దున్నే బుట్ట విప్పి, "మళ్లీ వచ్చావా దొంగా? నీ అత్తగారిల్లనుకున్నావా?" అని తిట్టి వదిలేసేది. ఇంట్లో పలకరించే మనిషి లేని హసింతాకు రోజూ మొదటి మాట అదే. వెళ్తూ వెళ్తూ గట్టు పక్క చదునురాయి మీద దానికోసం ఒక రొయ్య తల పెట్టేది. మర్నాటికి అది ఉండేది కాదు.

ఆ సాయంత్రం ఆడపడుచు తొమాసా గట్టు మీదికి వచ్చింది.

"రేపు పునీతుడి పండగ. ఓహాకా పట్నం నుంచి బ్యాండువాళ్లు కూడా వస్తున్నారు. ఈ చారెడు రొయ్యలతో ఊరందరికీ పులుసెలా పోస్తావే? లోతులో ముంచెయ్ బుట్టని."

"అది వస్తుంది వదినా."

"ఏది, ఆ ఎలుకా? ఈ ఏడు పండగ పులుసు వంతు మా తమ్ముడి పేరు మీద వచ్చింది. చచ్చినవాడి పరువు తీస్తావా? ఎలుకతో కాపరం పెట్టావని ఇప్పటికే నవ్వుతున్నారు."

హసింతా మొహం మాడిపోయింది. ఒక్క రాత్రికే కదా అనుకుని, బుట్టను మడుగులోకి దించి తోక మీద రాయి పెట్టింది.

తెల్లవారి బుట్ట ఎత్తబోతే చేతులు లాగేశాయి. నిండా రొయ్యలు. తోక చివర, కొరికిన పుల్లల మధ్య, చిన్న ముక్కు ఇరుక్కుని ఉంది. గాలి ఉండాల్సిన చోటికే పాకింది పాపం, అలవాటుగా, ఆమెను నమ్మి.

"దొంగా," అంది హసింతా. తడిసిన ఆ చిరుగు చెవిని వేలితో సరిచేసి, నీళ్లలోనే కూలబడి ఏడ్చింది.

పులుసు అద్భుతమన్నారు అందరూ. తొమాసా రెండోసారి పోయించుకుంది. హసింతా నవ్వుతూ వడ్డించింది కానీ, ఒక్క చెంచా కూడా నోట పెట్టలేకపోయింది.

సాయంత్రం బుట్టను మళ్లీ తోక పైకి పెట్టి, చదునురాయి మీద ఒక రొయ్య తల ఉంచి వచ్చింది. తెల్లవారి వెళ్లేసరికి అది అక్కడే ఉంది, చీమలు పట్టి.