మూడో హాస్టల్లో మంచం

పదకొండు దాటినా లైను నత్తనడకే నడుస్తోంది. యూనివర్సిటీ హాస్టళ్ల ఆఫీసు వరండా అంతా మొదటి సంవత్సరం పిల్లలూ, వాళ్ల తల్లులూ. సవేత తెల్లవారకముందే లేచి, కూతుర్ని వెంటబెట్టుకుని రైలెక్కి యాష్ పట్నం వచ్చింది. కాళ్లు పీకుతున్నాయి. అయినా చేతిలో సంచి కింద పెట్టడం లేదు.

"ఇలా ఇయ్యమ్మా, కాసేపు నేను పట్టుకుంటా," అంది మినొదొర.

"నువ్వు ముట్టుకోకు. మూట విడిందంటే బాతు కాళ్లు బయటికొస్తాయి. నలుగురిలో నవ్వులపాలవుతాం."

శుభ్రం చేసి తడిగుడ్డలో చుట్టిన బాతు, రెండు కాఫీ పొట్లాలు, ఒక చాక్లెట్ పెట్టె, ప్లమ్ పళ్ల సారా సీసా. బాతూ సారా ఇంటివే. మిగతావి కొనడానికి చొక్కాల ఫ్యాక్టరీలో నాలుగు రోజులు కాలర్లు కుట్టిన కూలి పోయింది.

"ఎందుకమ్మా ఇవన్నీ? మార్కుల వరసలో పిలుస్తున్నారు. నాది పదకొండో పేరు. ఏ హాస్టల్ కావాలో మనమే చెప్పొచ్చని కాయితంలో రాశారుగా."

"కాయితంలో సవాలక్ష రాస్తారు. మీ నాన్నకి ఆస్పత్రిలో మంచం ఉందనీ కాయితంలోనే రాశారు."

ఆరేళ్ల కిందటి మాట అది. సవేత ఆ రోజు ఆస్పత్రికి ఒట్టి చేతులతో వెళ్లింది. మినొదొర తండ్రి మూడు రోజులు నడవాలో చెక్కబల్ల మీద పడుకున్నాడు. నాలుగో రోజు ఎవరో చెప్తే కోడిని అమ్మి నర్సు జేబులో డబ్బు పెట్టింది. మంచం వెంటనే దొరికింది గానీ మనిషి దక్కలేదు. అప్పటి నుంచి సవేత ఏ ఆఫీసు గడపా సంచి లేకుండా తొక్కలేదు.

ఈ పిల్లకు మూడో హాస్టల్ దొరకాలి. గదికి నలుగురు, రోజూ వేడినీళ్లు, చదువుకోవడానికి బల్ల. ఏడోది రైలు పట్టాల అవతల ఉంది. గదికి ఎనిమిది మంది, నీళ్లు కావాలంటే కింది అంతస్తుకు దిగాలి. పక్కింటి తెక్లా కూతురు పోయినేడు ఏడో దాంట్లోనే చేరింది. క్రిస్మస్‌కి ఊపిరితిత్తుల జబ్బుతో ఇల్లు చేరి మళ్లీ వెళ్లలేదు. ఇప్పుడు సవేత పక్క మిషను మీద కాలర్లు కుడుతోంది.

"అత్తా, దీని మీద కూర్చోండి," అని ముందు నిలబడ్డ పిల్ల తన అట్టపెట్టె జరిపింది. పేరు స్మరాంద. అనాథాశ్రమం నుంచి ఒక్కతే వచ్చింది.

"నీ బట్టలు నలిగిపోవూ?"

"నలగడానికి ఏమున్నాయత్తా, రెండు జతలేగా!"

సవేత నవ్వేసి కూర్చుంది. 'మంచి పిల్ల, తల్లుంటే ఎంత మురిసిపోయేదో' అనుకుంది.

స్మరాందది పదో పేరు. గుమ్మానికి అడ్డంగా వేసిన బల్ల దగ్గరికి వెళ్లి, రెండు నిమిషాల్లో మొహం చాటంత చేసుకుని వచ్చింది.

"మూడోదే! పద్నాలుగో గది! ముప్ఫై మంచాల హాల్లో పెరిగినదాన్ని, ఇకనించి నలుగురమే! మినొదొరా, నువ్వూ అక్కడికే రా. నేను పోయి దుప్పట్లు తెచ్చుకుంటా."

మినొదొర బల్ల ముందుకెళ్లింది. మేనేజరు జెనోవియా తల ఎత్తలేదు.

"మూడోది నిండిపోయింది. ఏడో దాంట్లో రాయమంటావా?"

"ఇప్పుడేగా మేడమ్, ఆ అమ్మాయికి..."

"అదే ఆఖరిది. త్వరగా చెప్పు, వెనక జనం ఉన్నారు."

సవేత ముందుకొచ్చింది. వంగి, సంచిని బల్ల కిందికి తోసింది. "పల్లెటూరోళ్లం అమ్మగారూ. ఏదో మీ పిల్లలకని తెచ్చాం. తండ్రి లేని పిల్ల, మీరే చూడాలి."

జెనోవియా సంచి వంక కూడా చూడలేదు. కాలితో మాత్రం లోపలికి లాక్కుంది. తర్వాత రబ్బరు తీసి, పెన్సిల్‌తో రాసిన జాబితాలో ఒక పేరు చెరపసాగింది. పద్నాలుగో గది. స్మరాంద పేరు.

"మేడమ్! అది ఆ అమ్మాయిది!"

"అరవకు. ఆ పిల్లకి ముందూ వెనకా ఎవరూ లేరు. ఎక్కడైనా సర్దుకుంటుంది," అంది జెనోవియా. గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "నీకు మీ అమ్మ ఉంది. అదృష్టవంతురాలివి."

మినొదొరకు ఒళ్లు మండిపోయింది. వంగి సంచి బయటికి లాగి బల్ల మీద పెట్టింది. తడిగుడ్డ జారి బాతు కాళ్లు పైకి లేచాయి. వరండాలో తల్లులు గబగబా తమ సంచుల్ని పావడాల వెనక్కి తీసుకున్నారు.

"నాకు ఆ మంచం వద్దు. ఆమె పేరు మళ్లీ రాయండి."

"నీకు మతి గానీ పోయిందా?" సవేత కూతురి చెయ్యి పట్టుకుంది. "నాలుగు రోజుల కష్టమే అది! ఏడో దాంట్లో పడి చస్తావే!"

"నాన్నని పడుకోబెట్టాల్సిన మంచం మీద అప్పుడు ఎవరున్నారమ్మా? ఎవరి సంచి తీసుకుని ఇచ్చారు?"

సవేత చెయ్యి వదిలేసింది. ఆరేళ్లుగా తనను తాను తిట్టుకుంది, ఒట్టి చేతులతో వెళ్లినందుకు. ఆ మంచం మీద ఇంకెవరో ఉండి ఉంటారన్న ఆలోచన ఎన్నడూ రాలేదు.

మినొదొర గోడ మీది నోటీసు చూపించింది. "మొదటి ఏడాది వాళ్లకి మూడో హాస్టల్లో నలభై మంచాలని మీరే రాశారు. ఇప్పటికి పిలిచింది పదిమందిని. తక్కిన ముప్ఫై ఎవరివి? జాబితా పైకి చదవండి."

జెనోవియా జాబితా మీద అరచెయ్యి వేసింది.

"నీకు ఏడోదీ లేదు, పో. తర్వాతెవరు?"

మినొదొర కదల్లేదు. వెనకున్న లావుపాటి ఆవిడ భుజం మీద తట్టింది. "జరుగమ్మా, మాకు రైలుంది. నీ పంచాయితీ తర్వాత చూసుకో."

సవేత కళ్లు తుడుచుకుంది. ఆవిడ వైపు తిరిగి, లైనుకు అడ్డంగా కూతురి పక్కన నిలబడింది.

"నా కూతురు ఏదో అడిగిందమ్మా," అంది. "అమ్మగార్ని జవాబు చెప్పనీ."