టెంకాయ పుల్లన్న

పామిడిలో మొట్టమొదటి కంప్యూటర్ దిగింది బయమ్మ ఇంటికే. ఎనభై తొమ్మిదిలో ఆమె మొగుడు పుల్లన్న శెనక్కాయల మిల్లుకని బెంగళూరు నుంచి తెప్పించాడు. నల్లటి తెర, పచ్చటి అక్షరాలు. ఊరు ఊరంతా చెప్పులు బయట విడిచి, తిరునాళ్లకొచ్చినట్టు వచ్చి చూసిపోయింది.

ఆ ఏడు ఆయుధపూజనాడు లారీకి కొట్టినట్టే దానికీ టెంకాయ కొట్టాడు పుల్లన్న. ఎదురుగానా? కాదు, దాని నెత్తిమీదే! నీళ్లన్నీ కీబోర్డులోకి దిగి అది మూగబోయింది. అనంతపురంలో ఒక మాసపత్రిక ఆ సంగతిని పేరుతో సహా అచ్చేసి నవ్వుకుంది. పోయేదాకా ఆయన టెంకాయ పుల్లన్నే.

ఆ టెంకాయ కొట్టిన పదహారేళ్లకు, అనంతపురంలో కంప్యూటర్ సెంటర్ నడిపే పద్మప్రియ బయమ్మ గడప తొక్కింది. ఆ పత్రిక ఎప్పుడో మూతపడింది. అందులో వచ్చిన తొలినాళ్ల కంప్యూటర్ కథలను చెదల నోట్లోంచి లాగి, పుస్తకంగా మళ్లీ వేస్తోంది.

"పెద్దాయన కథ కూడా వేస్తానమ్మా."

మండల ఎన్నికల్లో నిలబడబోతున్న కొడుకు శ్రీకాంత్ గయ్యిమన్నాడు. "వద్దమ్మా! ఓట్లడిగేకి పోతే టెంకాయ పుల్లన్న కొడుకొచ్చినాడని నవ్వుతారు. ఏస్తే నాయన పేరు తీసేసి ఏసుకో."

బయమ్మ పద్మప్రియ వైపు తిరిగింది. కొడుకు వైపు చూడనైనా చూడలేదు.

"ఏమ్మా, మీ సెంటర్లో ఆయుధపూజ చేస్తారా?"

"చేస్తామమ్మా. కీబోర్డుల మీద గుడ్డ కప్పి, టెంకాయ గడప అవతల కొడతాం. ఈ చుట్టుపక్కల అందరూ అంతే."

"అట్ల కొట్టమని ఎవరు చెప్పినారు?"

పద్మప్రియకు తెలియదు.

"మా ఇంటాయన! తడిసినదాన్ని శెనక్కాయల మాదిరి మిద్దెమీద ఎండబెట్టినాడు. మళ్లా పలికింది. అప్పట్నుంచి యాడ కంప్యూటర్ కొన్యారని తెలిసినా ఆడికి పోయి, 'నన్ను చూసి నవ్వుకోండప్పా, టెంకాయ మాత్రం బయట కొట్టండి' అని చెప్పొస్తాండె. నవ్విన నాపచేనే పండుతుందంటారు. నవ్వినప్పుడు పేరేసినారు గదా, ఇప్పుడూ ఏయల్ల."

పద్మప్రియ పాత కథను ఉన్నదున్నట్టు వేసి, దానికింద బయమ్మ మాటలను చేర్చింది.

పుస్తకం వచ్చిన రోజు శ్రీకాంత్ నిలబడే చదివాడు. చదివి, మళ్లీ మొదటినుంచి చదివాడు. లోపలికి పోయి టెంకాయ తెచ్చాడు.

"యాడ కొట్టల్లమ్మా?"

"మీ నాయన చెప్పిన చోట," అంది బయమ్మ.

శ్రీకాంత్ గడప దాటి మెట్టుమీద ఫట్టుమని కొట్టాడు. వీధిలో పోతున్న ఈశ్వరప్ప ఆగాడు.

"ఏమప్పా శ్రీకాంతూ, ఏం విశేషం?"

"టెంకాయ పుల్లన్న కొడుకును గదన్నా!"