మూత మీద బొట్టు

నాగశివకి సముద్రమంటే భయం. ఆ మాట అతను ఎవరితోనూ అనలేదు. పడవ ఇంజన్లు బాగుచేసి బతికేవాడు నీళ్లంటే భయమని చెప్పుకుంటే జనం నవ్వరూ మరి? రేపల్లె బస్టాండు వెనక అతనికో రేకుల షెడ్డు, షెడ్డులో నీళ్ల డ్రమ్ము ఉన్నాయి. ఇంజను తోకని ఆ డ్రమ్ములో ముంచి, తాడు లాగి, చెవి పెట్టి విని, ‘బాగయింది, పట్టుకుపో’ అనేవాడు. ఇన్నేళ్లుగా అతనికి తెలిసిన సముద్రం ఆ డ్రమ్మే.

అలాంటివాడు ఈ పొద్దున నిజాంపట్నం బస్సెక్కాడు. రాత్రి కంటిమీద కునుకు లేదు, మోకాళ్లు పీకుతున్నాయి, కూచుందామంటే సీటు దొరకలేదు. పానాల సంచి భుజాన బరువుగా వేలాడుతుంటే, పైకడ్డీ పట్టుకుని ఊగుతూ, దారిపొడుగునా ఆ దిక్కుమాలిన ఇంజన్ని తిట్టుకుంటూనే వెళ్లాడు.

ఆ ఇంజను రాఘవులుది. ఇప్పటికి రెండుసార్లు షెడ్డుకొచ్చింది. మొదటిసారి ప్లగ్గులు పోయాయన్నాడు నాగశివ, తెనాలినుంచి కొత్తవి తెప్పించి వేశాడు. రెండోసారి కార్బొరేటరు విప్పి కడిగి, బాపట్లలో దొరికిన కొత్త వాషర్లు బిగించాడు. రెండుసార్లూ డ్రమ్ములో అది వెన్నలా నడిచింది. రెండుసార్లూ నీళ్లమీదకెళ్లి, కాసేపు నడిచి, ఆగి కూచుంది. అదీ ఎక్కడ? రెండోసారి సరిగ్గా మొగలో. ఏరు సముద్రంలో కలిసే ఆ చోట అలలు విరుగుతాయి. అక్కడ ఇంజను ఆగితే పడవ అలకి అడ్డం తిరుగుతుంది, అడ్డం తిరిగిన పడవని అల బోర్లా వేసేస్తుంది. రాఘవులూ, తోడు వెళ్లిన అతని మేనల్లుడు సుమనూ తెడ్లు వేసుకుని ఎలాగో గట్టెక్కారు. ఇంజను బాగయ్యేదాకా నన్ను పిలవొద్దు మామా అని సుమన్ దణ్ణం పెట్టేశాడు.

“నీ డ్రమ్ములో అది బుద్ధిగానే ఉంటది తమ్ముడూ. నీళ్లమీదకెళ్తేనే దానికి రోగం. ఈసారి నువ్వే పడవెక్కి చూడు” అన్నాడు రాఘవులు ఫోనులో. అరిచి ఉంటే నాగశివ కూడా అరిచేవాడు, గొడవ అక్కడితో తేలిపోయేది. కానీ అతను అరవలేదు. బాగా అలిసిపోయిన గొంతుతో మామూలుగా అడిగాడు, అందుకే నాగశివ కాదనలేకపోయాడు.

నిజాంపట్నంలో ఎవరూ ఇంజన్ని పడవకి వదిలేయరు. దొంగల భయం. వేట నుంచి రాగానే విప్పి భుజాన వేసుకుని ఇంటికి తెచ్చుకుంటారు. రాఘవులు ఇంజను కూడా వసారాలో గోనెపట్టా కప్పుకుని మూల కూచుని ఉంది, పక్కనే కిరసనాయిలు పోసే ఆయిలు డబ్బా. రాఘవులు ఇంజను ఎత్తుకున్నాడు. అతని భార్య రత్తాలు డబ్బా తెచ్చి నాగశివకి అందించింది. డబ్బా మూత మీద ఎర్రగా, దళసరిగా, రూపాయి బిళ్లంత బొట్టు. నాగశివ దాన్ని చూశాడు, చూసి ఊరుకున్నాడు. బొట్టు పెట్టని ఇంజను ఈ తీరంలో ఎక్కడుంది గనక?

“తమ్ముడూ, ఈయన్ని నీ చేతిలో పెడుతున్నాను. ఇవాళ గనక అది మొగలో ఆగిందంటే...” అంది రత్తాలు. మిగతా మాట మింగేసింది.

“ఏం కాదులే వదినా” అన్నాడు నాగశివ. తనకే నమ్మకం లేని మాట.

పడవ ఏట్లో పడింది. ఇంజను ఒక్క లాగుకే అందుకుంది. అటూ ఇటూ మడచెట్లు వెనక్కిపోతున్నాయి. నాగశివ బల్లని రెండు చేతులా పట్టుకుని, కళ్లు ఇంజను మీదే పెట్టి కూచున్నాడు. నీళ్లు చూడకుండా ఉండడానికి అదొక సాకు. శబ్దం బాగుంది. పొగ బాగుంది. ఛీ, దీనికేం రోగం, అనుకుంటుండగానే శబ్దం సన్నబడింది. రెండు దగ్గులు దగ్గి ఆగిపోయింది.

రాఘవులు డబ్బా మూత తిప్పి తీశాడు, లోపలికి తొంగిచూశాడు, మళ్లీ బిగించాడు, తాడు లాగాడు. ఇంజను అందుకుంది. నాగశివ ఇంజనుకున్న పై టోపీ తీసి వైర్లు కదిపి చూశాడు, ప్లగ్గు క్యాపులు నొక్కి చూశాడు. అన్నీ సవ్యంగానే ఉన్నాయి. అతనికి ఏడుపొకటే తక్కువ.

ఇంకాస్త దూరం పోయేసరికి ఎదురుగా మొగ హోరు వినపడింది. తెల్లగా అలలు విరగడం కనపడుతోంది. ఇక్కడే మళ్లీ శబ్దం సన్నబడింది.

“పడవ తిప్పన్నా, ఏట్లోకి తిప్పు” అన్నాడు నాగశివ.

తిప్పుతుండగానే ఇంజను ఆగింది. పడవ నెమ్మదిగా ఊగుతోంది. డబ్బా నుంచి ఇంజనుకెళ్లే ఆయిలు పైపు మధ్యలో చేత్తో పిసికే రబ్బరు బుడ్డి ఒకటి ఉంటుంది. ఏం చెయ్యాలో తోచక నాగశివ దాన్ని పట్టుకున్నాడు. అది రసం పీల్చేసిన మామిడిపండులా లోపలికి అణిగిపోయి ఉంది. ఇదేంటి, అనుకున్నాడు. అప్పటికే రాఘవులు చెయ్యి అలవాటుగా మూత మీదకెళ్లింది. మూత కదలగానే బుస్సుమని గాలి లోపలికి పోయింది. నాగశివ చేతిలో రబ్బరు బుడ్డి దానంతటదే ఉబ్బింది.

“అన్నా, మూత ఎందుకు తీశావు?”

“ఆయిలుందో లేదో చూద్దామని. ఆగినప్పుడల్లా చూస్తాగా.”

“చూశాక నడుస్తదా?”

“నడుస్తది. కాసేపు నడిచి మళ్లీ ఆగిద్ది.”

నాగశివ మూత లాక్కున్నాడు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. మూత నడుమ సన్నటి గాలి చిల్లు ఒకటి ఉండాలి. డబ్బాలో ఆయిలు తగ్గేకొద్దీ ఆ చిల్లులోంచి గాలి లోపలికి వస్తుండాలి. గాలి రాకపోతే ఆయిలు పైపులోకి కదలదు, ఇంజనుకి ఊపిరాడదు. మూత నడుమ చిల్లు లేదు. రత్తాలు పెట్టిన బొట్టు ఉంది. గోటితో గీకాడు. ఎర్రటి పెచ్చు లేచింది, దాని కింద పసుపు, దాని కింద మళ్లీ ఎరుపు. గట్టిగా, జిగురుగా, లక్కలా పేరుకుపోయి ఉంది.

అతనికి తన మీద తనకే ఒళ్లు మండింది. రేపల్లెకి ఎవరు వచ్చినా ఆటోలో ఇంజను ఒక్కటే వేసుకొస్తారు, డబ్బా ఇంటిదగ్గరే ఉంటుంది. షెడ్డులో తన డబ్బా తగిలించి నడిపి చూసి పంపేస్తాడు. ఆ డబ్బా కూడా తెమ్మని ఒక్కసారి అడిగి ఉంటే ఈ మనిషి మొగలో చావు అంచుదాకా పోయేవాడు కాదు.

“వదిన దేంతో కలుపుద్ది ఇది?”

“ఆముదంతో” అన్నాడు రాఘవులు. “నీళ్లతో పెడితే ఉప్పుగాలికి నిలవట్లేదని ఈ ఏడే మార్చింది. ఇంజను మీదొకటి, డబ్బా మీదొకటి. డబ్బా అంటే దాని అన్నంకుండంట. ఇంజను ఆగడం మొదలెట్టాక శుక్రవారం దాకా ఆగకుండా రోజూ పెడుతుంది.”

నాగశివ సన్నటి తీగముక్కతో చిల్లు తవ్వాడు, గుడ్డతో మూత శుభ్రంగా తుడిచాడు. తర్వాత చెయ్యాల్సిన పని ఇంకొకటుంది. అతనికది తెలుసు, రాఘవులుకీ తెలుసు. పడవ మొగవైపు తిరిగింది. నాగశివ కళ్లు మూసుకుని, తెలిసిన దేవుళ్లందర్నీ తలుచుకుని, చెవి మాత్రం ఇంజను మీదే ఉంచాడు. పడవ లేచింది, పడింది, మళ్లీ లేచింది. నీళ్లు మొహాన కొట్టాయి. శబ్దం ఒక్కసారి కూడా సన్నబడలేదు. మొగ దాటాక అతను పడవ అంచున వంగి పొద్దున తిన్న ఇడ్లీలన్నీ కక్కేశాడు.

తిరుగుదారిలో రాఘవులు మెల్లిగా అన్నాడు. “తమ్ముడూ, మీ వదినతో అనమాకు. ప్లగ్గు పోయిందని చెప్పు. తట్టుకోలేదు.”

“సరేలే అన్నా” అన్నాడు నాగశివ. ఆ సమయంలో ఎవరేం అడిగినా సరేననేవాడు, అంత నీరసంగా ఉన్నాడు.

రత్తాలు గుమ్మంలోనే ఉంది. మొగుణ్ణి తలనుంచి కాళ్లదాకా ఓసారి చూసుకుంది. ఇంజను మూలకి చేరింది, డబ్బా దాని పక్కన కూచుంది. నాగశివ వసారా అరుగు మీద కూలబడి మంచినీళ్లు అడిగాడు.

“ఏంటి తమ్ముడూ దాని రోగం? కుదిరిందా?”

“కుదిరింది వదినా. ప్లగ్గు...”

ఆమె వినడంలేదు. డబ్బా వైపు చూస్తోంది. “అయ్యో, బొట్టు చెరిగిపోయిందే” అంటూ గూట్లోంచి గిన్నె అందుకుంది. వేలు కుంకంలో ముంచి మూత మీదకి వంగింది.

రాఘవులు గోడవైపు తిరిగాడు. నాగశివకి ఆ క్షణంలో చచ్చేంత విసుగేసింది, ఆ మనిషి మీద, తన మీద, ఇంజన్లన్నిటి మీద. నిజం మూసేస్తే ఇవాళ్టికి ఒక అబద్ధంతో పోతుంది. కానీ మొగ పోదు, అక్కడే ఉంటుంది.

“ఆగు వదినా. అక్కడ పెట్టమాకు. దానివల్లే ఆగింది.”

చిల్లు చూపించాడు. గీకిన పెచ్చుని అరచేతిలో పెట్టి చూపించాడు. రత్తాలు అంతా విన్నది. గిన్నె నేలమీద పెట్టి, పక్కన కూచుంది.

“అయితే మొగలో ఆపింది నేనేనా” అంది.

రాఘవులు గోడవైపునుంచి ఇటు తిరిగాడు. “ఊరుకోవే. ఇంకెక్కడైనా పెట్టుకోవచ్చులే.”

“ఎక్కడో ఎందుకు?” అంది ఆమె. వేలు మళ్లీ గిన్నెలో ముంచింది. నాగశివ లేవబోయాడు. ఆమె ఎప్పటిలాగే మూత నడుమ నిండుగా బొట్టు పెట్టింది. తర్వాత మెళ్లో తాళిబొట్టుకి తగిలించుకున్న పిన్నీసు తీసి, ఆ బొట్టు నడిమధ్యన గుచ్చి, తిప్పి, బైటికి లాగింది. మూత ఊడదీసి పెదాలకి ఆనించుకుని ఊదింది. కిరసనాయిలు కంపుకి మొహం కూడా చిట్లించుకోలేదు. అవతలి పక్క చెయ్యి అడ్డం పెట్టుకుని మళ్లీ ఊదింది, మళ్లీ ఊదింది.

“గాలి ఆడుతుంది” అంది మొగుడి వైపు తిరిగి. కళ్లవెంట నీళ్లు కారుతున్నాయి, పెదాలకి కుంకం అంటుకుని ఉంది. “నువ్వు కూడా ఊది చూడు.”

రాఘవులు మూత అందుకుని ఊదాడు.